యుద్ధం ముగిసినా ఆగని గుండెదడ

మన భాషలో భయం ఉండే చోటు గుండె. భయమేస్తే గుండె దడదడలాడుతుంది, గుండె జారిపోతుంది. చెడ్డ కబురు వింటే గుండె ఆగినంత పనవుతుంది. ధైర్యం ఉన్నవాణ్ణి గుండెదిటవు గలవాడంటాం, లేనివాణ్ణి పిరికిగుండె అంటాం. చిన్నపిల్లలు దేనికో ఉలిక్కిపడి, రాత్రంతా కలవరిస్తూ, ఒళ్ళు వెచ్చబడితే దాన్ని "దడుపు జ్వరం" అని తాయెత్తు కట్టించిన నాయనమ్మలు మనలో చాలామందికి ఉండే ఉంటారు. మనసుకి తగిలిన దెబ్బ ఒంట్లో కనిపిస్తుందని, అందులోనూ ముందుగా గుండెలోనే కనిపిస్తుందని మన పెద్దవాళ్ళకి తెలుసు. దీన్నే ఆధునిక వైద్యశాస్త్రం ఎన్ని మలుపులు తిరిగి తెలుసుకుందో, అందులో నేనుంటున్న సింగపూర్‌కీ, మన తెలుగువారికీ ఉన్న పాత్ర ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక విన్నపం. నేను డాక్టర్ని కాను. ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు చరిత్ర పుస్తకాలు తిరగేసే వాణ్ణి. కనుక ఇందులో ఉన్నది వైద్య సలహా కాదు, వైద్యం తాలూకు చరిత్ర. ఆ చరిత్ర తెలిస్తే మన ఇళ్ళలో కొన్ని సంగతులు కొత్తగా అర్థమవుతాయని మాత్రం నా నమ్మకం.

సింగపూర్‌లో ఫిబ్రవరి 15

ఏటా ఫిబ్రవరి 15న సాయంత్రం 6 గంటల 20 నిమిషాలకి సింగపూర్ అంతటా సైరన్లు మోగుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడతారు. ఆఫీసులో పక్కవాళ్ళు నవ్వి, "ఇది టోటల్ డిఫెన్స్ డే, కంగారు పడకండి" అని చెబుతారు. 1942లో అదే రోజు సాయంత్రం బుకిట్ తిమా దగ్గరున్న ఫోర్డ్ మోటారు ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాని పెర్సివల్, జపాన్ సేనాని యమషిటా ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ ఫ్యాక్టరీ భవనం ఇప్పుడు మ్యూజియం. సింగపూర్ పేరు "స్యోనాన్" అయింది. మూడున్నరేళ్ళు ఆ పేరే నడిచింది.

రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 17న, భారతీయ సైనికులను ఫారర్ పార్కు మైదానంలో సమావేశపరచి జపాన్ వారికి అప్పగించారు. అక్కడ చేరినవారు 40 వేలకు పైమాటే. ఇవాళ మనవాళ్ళు లిటిల్ ఇండియాలో కూరగాయలు కొనుక్కుని, ఫారర్ పార్కు స్టేషన్‌లో రైలెక్కి ఇంటికి వెళతారు. ఆ నేల మీద అంతమంది ఒక్కసారిగా యుద్ధఖైదీలయ్యారన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరకుండా శిబిరాల పాలయ్యారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులను చాంగీకి నడిపించారు. నగరంలోని చైనీయ పురుషులను వడగట్టి, జపాన్‌కి వ్యతిరేకులని అనుమానం వచ్చినవారిని సముద్రతీరాలకు తీసుకువెళ్ళి కాల్చి చంపారు. దాన్నే "సూక్ చింగ్" అంటారు. జపాన్ పక్షం ఒప్పుకున్న లెక్క సుమారు 5 వేలు. చైనీయ సంఘాల అంచనాలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. బీచ్ రోడ్డు దగ్గర నాలుగు జాతులకు గుర్తుగా నాలుగు స్తంభాలతో నిలబడ్డ పౌర స్మారకాన్ని 1967 ఫిబ్రవరి 15న ఆవిష్కరించారు. క్రాంజీలోని యుద్ధస్మారకం గోడల మీద, సమాధి కూడా దొరకని 24 వేల పైచిలుకు సైనికుల పేర్లున్నాయి. వాటిలో భారతీయుల పేర్లు ఎన్నో.

ఇక మన తెలుగువారి సంగతి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు కూలికి వచ్చారు. 1931 జనాభా లెక్కల్లో మలయాలో తెలుగువారు సుమారు 32 వేలమంది. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో కొబ్బరితోటల్లో ఇప్పటికీ వారి సంతతి ఉంది. 1942-43లో జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం వెయ్యడం మొదలుపెట్టినప్పుడు ఈ తోటల మీద పడింది. కొద్దినెలల పని, మంచి కూలి అని ఆశ చూపి కొందరిని, బలవంతాన లారీలెక్కించి కొందరిని తీసుకుపోయారు. మలయా నుంచే 70 వేలమందికి పైగా వెళ్ళారు. అందులో ఎక్కువమంది తమిళులు, వారితోపాటు తెలుగువారు, మలయాళీలు, మలయా దేశస్థులు.

ఆ మార్గంలో పని చేసిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు సుమారు 60 వేలు. వారిలో 12 వేలమందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల్లో చనిపోయినవారు 80 వేల నుంచి లక్ష దాకా ఉంటారని అంచనా. ఖైదీల్లో సైనిక డాక్టర్లు ఉన్నారు, పేర్ల జాబితాలున్నాయి, చనిపోయినవారికి వరుసగా సమాధులున్నాయి. కూలీలకు సరైన వైద్యమూ లేదు, జాబితా లేదు, సమాధీ లేదు. కలరా వస్తే శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. ఈ తేడాని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు మళ్ళీ దీనితో పని పడుతుంది.

"సైనికుడి గుండె"

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధంలో ఫిలడెల్ఫియా సైనిక ఆసుపత్రిలో జేకబ్ డకోస్టా అనే డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గరికి ఒకే రకం ఫిర్యాదుతో సైనికులు వస్తూ ఉండేవారు: గుండెదడ, ఛాతీలో నొప్పి, ఆయాసం, నిద్రలేమి, చెమటలు. స్టెతస్కోపు పెట్టి వింటే గుండెలో జబ్బేమీ కనబడదు. అలాంటి సుమారు 300 మందిని పరీక్షించి 1871లో ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. దానికి "చిరాకుపడ్డ గుండె" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. జనం నోట్లో అది "సైనికుడి గుండె" అయింది.

దానికి కారణం ఏమిటి? 1870లో ఆర్థర్ మయర్స్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు యూనిఫారం బిగువుగా ఉండటం, బెల్టులూ సంచులూ ఛాతీని నొక్కడం కారణమన్నాడు. అధిక శ్రమ అని కొందరు, జ్వరాలని కొందరు అన్నారు. భయం, దుఃఖం అనే మాటలు మాత్రం ఎక్కువగా వినబడలేదు. సిపాయి భయపడ్డాడని రాస్తే అది నింద. గుండెజబ్బు అని రాస్తే గౌరవం, పైగా పింఛను.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే జబ్బు వేలసంఖ్యలో వచ్చింది. బ్రిటన్‌లో సర్ థామస్ లూయిస్ అనే హృద్రోగ నిపుణుడు అలాంటి సైనికుల కోసం పెట్టిన ప్రత్యేక ఆసుపత్రిలో పని చేశాడు. వీళ్ళ గుండె నిర్మాణంలో లోపం లేదని తేల్చి, మంచాన పడుకోబెట్టే బదులు క్రమంగా పెంచుతూ పోయే కసరత్తులతో చాలామందిని బాగుచేశాడు. మరో పక్క 1915లో ఛార్లెస్ మయర్స్ అనే మనస్తత్వవేత్త "షెల్ షాక్" అనే మాటని వైద్యపత్రికలోకి తెచ్చాడు. ఒకే యుద్ధం, ఒకే కందకం. ఒక సైనికుడు గుండెదడ అంటే హృద్రోగ వార్డుకి, మరొకడు వణుకు అంటే నరాల వార్డుకి వెళ్ళేవాడు.

1941లో పాల్ వుడ్ అనే లండన్ హృద్రోగ నిపుణుడు ఈ డకోస్టా జబ్బుని తిరగతోడి, దీని మూలం భావోద్వేగాల్లో ఉందని వాదించాడు. దాంతో ఈ ఫైలు గుండె డాక్టర్ల బల్ల మీంచి మనసు డాక్టర్ల బల్ల మీదకి వెళ్ళిపోయింది. ఆ మాట సగం నిజమే. కాని ఫైలుతోపాటు గుండె సంగతి కూడా అటకెక్కింది. "నీ గుండెకేం ఫరవాలేదు, అంతా నీ మనసులోనే ఉంది" అనే మాట అప్పటినుంచి ఎన్ని ఆసుపత్రుల్లో ఎంతమంది విన్నారో!

వియత్నాం యుద్ధం తరువాత, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘం తన గ్రంథం మూడో కూర్పులో ఈ జబ్బుకి ఇప్పటి పేరు పెట్టింది. తెలుగులో "ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత" అనవచ్చు. అందరికీ అలవాటైన పి.టి.ఎస్.డి. అనే పొట్టిపేరే ఇక్కడ వాడతాను. జరిగిపోయిన ఘోరం పీడకలగానో పగటి మెరుపుగానో మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే చోట్లకీ మనుషులకీ దూరంగా తిరగడం, మనసు మొద్దుబారడం, చిన్న చప్పుడుకే ఎగిరిపడటం దీని ముఖ్య లక్షణాలు. ఘోరం చూసిన ప్రతివారికీ ఇది రాదు. సింగపూర్‌లో ఆక్రమణ కాలంలో జపాన్ మిలిటరీ పోలీసుల చిత్రహింసలకు గురైన ఎలిజబెత్ చోయ్ ఆ తరువాత ఉపాధ్యాయినిగా, ప్రజాసేవకురాలిగా నిండుగా బతికి 2006లో తన 95వ ఏట కన్నుమూశారు. మనిషి మనసుకి కోలుకునే శక్తి ఎక్కువే. కోలుకోలేనివారి సంగతే ఇక్కడ మన విషయం.

విడిపోయిన ఫైళ్ళు మళ్ళీ కలిశాయి

పేరంటూ వచ్చాక లెక్కలు తియ్యడం సాధ్యమైంది. 2006లో అమెరికాలో రెండో ప్రపంచయుద్ధపు మాజీ ఖైదీల మీద ఒక పరిశోధన వెలువడింది. యుద్ధఖైదీలుగా ఉండి పి.టి.ఎస్.డి. కూడా ఉన్నవారిలో రక్తపోటు, దీర్ఘకాలిక గుండెజబ్బు, ఖైదు అనుభవించని సైనికుల కంటే ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఖైదీలే అయినా పి.టి.ఎస్.డి. లేనివారితో పోల్చినా ఎక్కువే. అంటే తిండిలేమి, బెరిబెరి, మలేరియా మాత్రమే కారణమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అంతకు ముందే, 2004లో, అమెరికా ప్రభుత్వం మాజీ యుద్ధఖైదీలకు వచ్చే గుండెజబ్బునీ పక్షవాతాన్నీ ఖైదు ఫలితంగా భావించి పరిహారం ఇచ్చే నిబంధన తెచ్చింది. యుద్ధం ముగిసి అప్పటికి 59 ఏళ్ళు!

2013లో వియత్నాం కాలపు కవల సోదరుల మీద చేసిన పరిశోధన ఇంకా ముచ్చటైనది. కవలల్ని ఎందుకు ఎంచుకున్నారు? పుట్టుక, పెంపకం ఒకటే కాబట్టి వంశపారంపర్యం అనే వాదన చాలావరకు పక్కకు పోతుంది. 562 మందిని సుమారు 13 ఏళ్ళు గమనిస్తే, పి.టి.ఎస్.డి. ఉన్నవారిలో 22.6 శాతానికి, లేనివారిలో 8.9 శాతానికి కొత్తగా గుండెజబ్బు వచ్చింది. ఒకరికి ఉండి ఒకరికి లేని జతల్లో తేడా కొంత తగ్గింది గాని పోలేదు. అదే ఏడాది ఆరు పరిశోధనలను కలిపి, 4 లక్షలమందికి పైగా ఉన్న సమాచారాన్ని లెక్కవేస్తే ముప్పు 55 శాతం ఎక్కువని తేలింది. దిగులు జబ్బు ప్రభావాన్ని తీసివేశాక కూడా 27 శాతం మిగిలింది.

ఇది మగవాళ్ళ, సైనికుల జబ్బు అనుకోకండి. 2015లో అమెరికాలో సుమారు 50 వేలమంది నర్సుల మీద, 20 ఏళ్ళ సమాచారంతో వచ్చిన పరిశోధనలో, ఆఘాతం తరువాత నాలుగూ అంతకు మించీ లక్షణాలున్న స్త్రీలలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు 60 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రమాదాలు, ఇంట్లో దెబ్బలు, అత్యాచారాలు, బిడ్డ మరణం ఏ యుద్ధానికీ తీసిపోవు కదా.

ఇదెలా జరుగుతుంది? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెబుతాను. ప్రమాదం ఎదురైతే ఒంట్లో ఒక అలారం మోగుతుంది. ఎడ్రినలిన్ పారుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు చిక్కబడుతుంది. "పోరాడు లేదా పారిపో" అన్న ఈ ఏర్పాటుని వివరించినవాడు వాల్టర్ కానన్, 1915లో. పులి వెళ్ళిపోయాక అలారం ఆగాలి. పి.టి.ఎస్.డి.లో అది పూర్తిగా ఆగదు. తెర మీద ఏమీ కనబడదు, వెనకాల ఒక ప్రోగ్రాము రాత్రింబవళ్ళు నడుస్తూ సర్వర్ని వేడెక్కిస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా నడిస్తే రక్తపోటు పెరుగుతుంది, రక్తనాళాల్లో వాపు గుణం హెచ్చుతుంది, నిద్ర చెడుతుంది. మనిషి ఊరట కోసం సిగరెట్టూ సీసా పట్టుకుంటాడు, నడక మానేస్తాడు, మందులు సరిగ్గా వేసుకోడు. ఇవన్నీ కలిసి గుండె మీదికే వస్తాయి. 2017లో బోస్టన్ పరిశోధకులు 293 మందికి స్కాను తీసి చూశారు. మెదడులో భయాన్ని నడిపే ఎమిగ్డలా అనే భాగం ఎక్కువ చురుగ్గా ఉన్నవారికి తరువాతి కాలంలో గుండెపోటు వంటివి ఎక్కువగా వచ్చాయి. మెదడు నుంచి గుండెకు దారి ఉందని బొమ్మ వేసి చూపించినట్టయింది.

చికిత్స చేస్తే గుండె బాగుపడుతుందా?

అసలు ప్రశ్న ఇది. ముందుగా, పి.టి.ఎస్.డి.కి చికిత్స ఉంది, అది పనిచేస్తుంది. జరిగినదాన్ని నిపుణుడి సమక్షంలో, భద్రంగా, కొద్దికొద్దిగా తిరిగి ఎదుర్కొనే పద్ధతి ఒకటి. "నా వల్లే జరిగింది", "లోకంలో ఎవర్నీ నమ్మకూడదు" లాంటి ఆలోచనల్ని పరీక్షించి సరిచేసుకునే పద్ధతి మరొకటి. కళ్ళని అటూఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని నెమరువేయించే పద్ధతి ఇంకొకటి. ఇవి మామూలుగా కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో పూర్తవుతాయి. సెర్ట్రలిన్, పెరాక్సెటిన్ వంటి మందులున్నాయి. 2023లో అమెరికా సైనిక వైద్యవిభాగాలు సవరించిన మార్గదర్శకాలు మందుల కంటే ఈ మాటల చికిత్సలకే మొదటి పీట వేశాయి.

మరి గుండె సంగతి? ఇక్కడ రెండు పరిశోధనలు ఆశ కలిగిస్తాయి. 2017లో, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగివచ్చిన సుమారు లక్షా 94 వేలమంది సమాచారాన్ని పరిశీలిస్తే, పి.టి.ఎస్.డి. ఉన్నవారికి కొత్తగా రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. చికిత్స పొందినవారిలో ఆ అదనపు ముప్పు తగ్గినట్టు కనబడింది. 2019లో, 1,598 మంది మాజీ సైనికుల మీద చేసిన మరో పరిశోధనలో, లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గినవారికి మధుమేహం వచ్చే అవకాశం, తగ్గనివారితో పోలిస్తే 49 శాతం తక్కువగా ఉంది. రక్తపోటు, చక్కెర ఈ రెండూ గుండెజబ్బుకి సింహద్వారాలు. ద్వారం దగ్గరే ఆపగలిగితే మంచిదే.

కాని ఇంజినీరుగా నేను ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి జరిగినదాన్ని చూసి లెక్కవేసినవి. బాగుపడినవాళ్ళు మొదటినుంచీ కాస్త ఆరోగ్యవంతులేమో, క్రమశిక్షణ ఉన్నవారేమో! చీటీ తీసి కొందరికి చికిత్స ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చాలా ఏళ్ళు గమనించి, గుండెపోట్లు ఇన్ని తగ్గాయి అని చూపించిన పెద్ద ప్రయోగం ఇంతవరకు లేదు. పక్కింటి అనుభవం కూడా హెచ్చరికే. గుండెపోటు వచ్చి దిగులుతోనో ఒంటరితనంతోనో ఉన్న 2,481 మంది మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2003లో వచ్చాయి. మాటల చికిత్సతో దిగులు కొంత తగ్గింది, మరణాలూ రెండో గుండెపోట్లూ మాత్రం తగ్గలేదు. రక్తపోటుకి వాడే ప్రజోసిన్ అనే మందు పీడకలల్ని తగ్గిస్తుందని ఎంతో ఆశపడ్డారు. 2018లో 304 మంది మీద చేసిన ప్రయోగంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగని తేలలేదు. అందుచేత "మనసుకి వైద్యం చేయించుకుంటే గుండెపోటు రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. "మనసుకి వైద్యం చేయించుకుంటే హాయిగా నిద్రపోతాడు, సిగరెట్టు మానడానికి ఓపిక వస్తుంది, బి.పి. మాత్ర మర్చిపోడు, గుండెకి కూడా మేలు జరిగే అవకాశం ఉంది" అంటే నమ్మవచ్చు. నన్నడిగితే ఆ మాత్రం చాలు.

లెక్కలో చేరని మనవాళ్ళు

పైన చెప్పిన పరిశోధనల్లో ఎక్కువభాగం ఎవరి మీద జరిగాయో గమనించారా? అమెరికా సైనికులు, అమెరికా నర్సులు. బ్రిటిష్ ఖైదీలను లివర్పూల్‌లోని ఉష్ణమండల వ్యాధుల కేంద్రం యుద్ధం తరువాత దశాబ్దాలపాటు పరీక్షించింది. ఆస్ట్రేలియా తన ఖైదీల ఆరోగ్యాన్ని 1980లలో కూడా లెక్కగట్టింది. అదే రైలుమార్గంలో, అదే వానలో రాళ్ళు మోసి బతికి తిరిగివచ్చిన తెలుగు, తమిళ కూలీలు తోటలకి వెళ్ళి మళ్ళీ రబ్బరుపాలు తీశారు, కొబ్బరికాయలు వలిచారు. వారికి నిద్ర పట్టిందా అని అడిగినవాళ్ళు లేరు. ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో రాసిపెట్టినవాళ్ళు లేరు.

తోటల దాకా ఎందుకు, మా ఇంట్లోనే ఒకరున్నారు. మా తాతగారి తమ్ముడు ఇరవయ్యేళ్ళు దాటగానే శ్రీకాకుళం వైపు నుంచి "రంగం" వెళ్ళారు. రంగూన్‌ని మన పెద్దవాళ్ళు అలాగే పిలిచేవారు. అక్కడి రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ తెలుగువారే ఎక్కువ. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు, వేలాదిమంది దారిలో ఆకలితో, కలరాతో రాలిపోయారు. మా చిన్నతాత అరకాన్ కొండల మీదుగా నడిచి ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన ఇల్లు చేరే వేళకి, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఊళ్ళకి ఊళ్ళు భయంతో ఖాళీ అయ్యాయి.

ఆయన్ని నేను చూడలేదు, మా నాన్న చెప్పగా విన్నాను. విమానం చప్పుడు వింటే పొలంలో ఉన్నా గట్టు చాటుకి వంగిపోయేవారట. రాత్రిళ్ళు పడుకునేవారు కాదట, చుట్ట వెలిగించుకుని అరుగు మీద కూర్చునేవారట. దారిలో ఏం చూశారో ఎవరితోనూ చెప్పలేదు. "రంగం బాబాయికి కాస్త తిక్క" అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. 54వ ఏట ఒక తెల్లవారుజామున గుండె ఆగి పోయారు. నడక వల్లే పోయారని నేననను. చుట్టలున్నాయి, ఆ రోజుల్లో బి.పి. చూసే డాక్టరు ఊళ్ళో లేడు, వంశంలో గుండెజబ్బుంది. ఒక్క మనిషి చావుకి కారణం గణాంకాలు చెప్పవు. కాని ఆయన నిద్రలేని ముప్పై ఏళ్ళకి ఒక పేరుందనీ, అది తిక్క కాదనీ, ఇప్పుడైతే దానికి మందుందనీ తెలిశాక మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పిన్ని ఆ అరుగు మీదే ఆయన పక్కన కూర్చునేది పాపం" అన్నారు. అంత మాత్రం వైద్యమే ఆయనకి దక్కింది.

ఇది పాతకథ అని కొట్టిపారెయ్యడానికి లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో కళ్ళముందే కుటుంబాలు కొట్టుకుపోగా చెట్టుకొమ్మ పట్టుకుని బతికినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. కోవిడ్ రోజుల్లో, సరిహద్దులు మూసి ఉండగా, అమ్మానాన్నల ఆఖరిచూపు ఫోను తెర మీద చూసినవాళ్ళు ఈ మహాసభల్లోనే మీ పక్క కుర్చీలో ఉండవచ్చు. పైగా మనది గుండె బలహీనమైన జాతి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏటనే వస్తోందని, మిగతా దేశాలవారికి సుమారు 59వ ఏట వస్తోందని 2007లో తేలింది. అదే పరిశోధన పొగ, కొవ్వు, రక్తపోటు, చక్కెరలతోపాటు మానసిక ఒత్తిడిని కూడా ముఖ్య కారణాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. మనం మాత్రం కొలెస్ట్రాల్ అంకె గడగడా అప్పజెప్పి, నిద్ర పట్టని సంగతి దాచిపెడతాం.

సింగపూర్ నేర్పే పాఠం

సింగపూర్ ప్రభుత్వం 1979లో మౌఖిక చరిత్ర విభాగాన్ని మొదలుపెట్టింది. 1980లలో ఆక్రమణ కాలాన్ని అనుభవించిన వందలాది మామూలు మనుషుల చేత, రిక్షావాళ్ళ నుంచి గృహిణుల దాకా, వారి వారి భాషల్లో మాట్లాడించి రికార్డు చేసింది. నలభయ్యేళ్ళు నోరు విప్పని వాళ్ళు విప్పారు. అది చికిత్స అని నేననను, చికిత్స వేరు. కాని "నువ్వు పడినది నిజం, మేం వింటాం" అని ఒక దేశం తన ముసలివాళ్ళతో అనడం చిన్న విషయం కాదు. మన సంఘాలకి ఆ పని చెయ్యడానికి ఏం అడ్డం? 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన మలేషియా తెలుగు సంఘం ఉంది, 1975లో పుట్టిన సింగపూర్ తెలుగు సమాజం ఉంది, అమెరికాలో ఎన్నో ఉన్నాయి. తోటల్లో పుట్టిన చివరి తరం పెద్దలు ఎనభైలు, తొంభైలు దాటుతున్నారు. వచ్చే మహాసభలకి వారిలో ఎందరుంటారో! ఒక ఫోను, ఒక గంట, ఒక ఓపిక గల మనవడు చాలు. బలవంతంగా తవ్వకూడదు, చెప్పదలచుకున్నంతే వినాలి.

చివరగా మూడు మాటలు. మొదటిది, ఛాతీలో నొప్పి వస్తే అది దిగులనీ గ్యాసనీ ఇంట్లో తీర్పు చెప్పకండి. ముందు ఇ.సి.జి., ఆ తరువాతే మిగతావి. సింగపూర్‌లో 995, ఇండియాలో 108, అమెరికాలో 911. రెండోది, నిద్ర, పీడకలలు, ఉలికిపాటు సంగతి కూడా గుండె డాక్టరుకి చెప్పండి. మనసు డాక్టరుకి మీ గుండె మందుల పట్టీ చూపించండి. దిగులుకిచ్చే కొన్ని మందులు, నెత్తురు పలచబరిచే మందులు కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఎవరికి వారు మందులు మొదలుపెట్టడం, ఆపడం వద్దు. మూడోది, మనవాళ్ళకి మనసు డాక్టరంటే ఉన్న బిడియం గురించి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఇండియాలో 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడేవారున్నారు. సింగపూర్‌లో 1771, అమెరికాలో 988 ఉన్నాయి. మోకాలికి డాక్టరు దగ్గరికి వెళ్ళినంత మామూలుగా దీనికీ వెళ్ళాలి.

డకోస్టా స్టెతస్కోపుతో విన్న ఆ గుండెదడ అర్థం కావడానికి వైద్యానికి నూరేళ్ళకు పైగా పట్టింది. మన నాయనమ్మలు దడుపు అని ఒక్క మాటలో చెప్పారు గాని, పెద్దవాళ్ళకి కూడా దడుపు పట్టవచ్చని, అది ముప్పై ఏళ్ళు ఉండవచ్చని వారికీ తోచలేదు. ఇప్పుడు మనకి తెలిసింది. మీ ఇంట్లో రాత్రిళ్ళు అరుగు మీద కూర్చునే మనిషి ఎవరైనా ఉంటే, ఈసారి ఫోను చేసినప్పుడు బి.పి. ఎంతుందని అడిగాక, నిద్ర పడుతోందా అని కూడా అడగండి.